అప్పటి సత్యభామ వేరు

మా అబ్బాయి నాలుగు రోజులుగా ముభావంగా వున్నాడు. పరీక్ష పోయిందేమోనని నేను, ఏ పిల్లో కాదందేమోనని వాళ్ళ నాన్న, చెరో మూలా కూర్చుని బెంగపడ్డాం. చివరికి తేలిందేమిటంటే, వాడు ఆరాధించే ఇంగ్లీషు గిటారు బృందం ఒకటుందిట. ముప్ఫయ్యేళ్ళుగా పాడుతున్నారుట. చాలాకాలానికి ఒక కొత్త ఆల్బం తెచ్చారుట. అది బాగాలేదుట!

“ఏం బాగాలేదురా?” అన్నాను.

“నీకు చెప్పినా అర్థం కాదమ్మా. పాతవి వేరు.”

ఆ పాతవి ఎప్పటివని ఆరా తీశాను. వీడు పుట్టడానికి పదేళ్ళ ముందువి. తను పుట్టకముందు రోజుల కోసం బెంగపెట్టుకున్న బిడ్డని ఏమని ఓదార్చను చెప్పండి? విమర్శకులు కూడా పెదవి విరిచారని, కావాలంటే చూసుకోమని ఫోను నా ముందు పెట్టాడు. చదివాను. వీళ్ళు మళ్ళీ పాత పాటే పాడారని ఒకాయన విసుక్కున్నాడు. పాత దారి వదిలేశారని ఇంకొకాయన నొచ్చుకున్నాడు. ఇద్దరూ రాసింది ఒకే ఆల్బం గురించి సుమండీ!

నవ్వొచ్చింది. నవ్వుతుండగానే మా అమ్మమ్మ గొంతు వినిపించినట్టయింది. “స్థానం వారి సత్యభామని చూడాలంటే స్టేజీ మీద చూడాలే. సినిమాలోదీ ఒక సత్యభామేనా?” ఈ మాట ఆవిడ నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. 2009లో పోయేదాకా అంటూనే వుంది. ఆ సినిమా వచ్చింది 1942లో. అరవై ఏడేళ్ళపాటు ఒక సినిమా మీద కోపం నిలుపుకోవడమంటే మాటలా! మా వాడి నాలుగు రోజుల అలక ఆవిడ ముందు ఏ మూలకి?

స్థానం నరసింహారావుగారి పేరు ఈనాటి పిల్లలకి తెలియకపోవచ్చు. వాళ్ళ అమ్మమ్మల్ని అడిగితే తెలుస్తుంది. 1902లో బాపట్లలో పుట్టారు. ముందు బొమ్మలు వేయడం నేర్చుకున్నారుట. ఇరవయ్యేళ్ళయినా నిండకముందు బాపట్లలో హరిశ్చంద్ర నాటకం వేస్తుంటే, చంద్రమతి వేషం కట్టాల్సిన నటుడు సమయానికి రాలేదు. ఈ కుర్రవాడు నేను కడతానని ముందుకొచ్చాడు. నాటకాల చరిత్ర చెప్పేవాళ్ళంతా ఈ కథ చెప్పకుండా వుండరు. ఆ తర్వాత తెనాలి శ్రీరామవిలాస సభలో చేరారు. ఇక చెప్పేదేముంది! చిత్రాంగి, దేవదేవి, రోషనార, చింతామణి, మధురవాణి, అన్నింటికీ పైన సత్యభామ. పదిహేను వందలకి పైగా ప్రదర్శనలు. 1938లో రంగూన్ వెళితే అక్కడి తెలుగువాళ్ళు బంగారు కిరీటం పెట్టి పంపించారు. 1956లో పద్మశ్రీ. ఇంత పేరూ ఆడవేషం కట్టిన మగవాడికి.

మా అమ్మమ్మ పుట్టిల్లు రేపల్లె పక్కన పల్లెటూరు. అత్తిల్లు బాపట్ల. పెద్దమ్మ వుండేది తెనాలిలో. ఇప్పుడైతే 2022లో చేసిన పంపకాల్లో రేపల్లె, బాపట్ల ఒక జిల్లా అయి, తెనాలి గుంటూరు జిల్లాలో వుండిపోయింది గానీ, ఆవిడ కాలంలో ఈ మూడూ ఒకే ఇంట్లో మూడు గదుల్లాంటివి. రేపల్లె నుంచి రైలెక్కితే భట్టిప్రోలు, వేమూరు దాటి తెనాలి. తెనాలిలో దిగి మద్రాసు వెళ్ళే రైలు పట్టుకుంటే బాపట్ల. బట్టలకీ, బంగారానికీ, నాటకాలకీ మాత్రం తెనాలే. దాన్ని ఆంధ్రా పారిస్ అని పిలుచుకునేవారు. అసలు పారిస్ ఎట్లా వుంటుందో అమ్మమ్మకి తెలియదు గానీ, తెనాలి లాగా వుంటుందని మాత్రం గట్టి నమ్మకం.

ఆవిడ పదేళ్ళ పిల్లగా వున్నప్పుడు వాళ్ళ నాన్నతో తెనాలి వెళ్ళి ‘శ్రీకృష్ణ తులాభారం’ చూసింది. ముత్తరాజు సుబ్బారావుగారి నాటకం. కథ మనందరికీ తెలిసిందే. మొగుడు తన ఒక్కదానికే దక్కాలని సత్యభామ వ్రతం పట్టడం, నారదుడికి కృష్ణుణ్ణి దానం ఇచ్చేయడం, ఆ తర్వాత ఎన్ని నగలు పోసినా త్రాసు మొగ్గకపోవడం, రుక్మిణి ఒక్క తులసిదళంతో గెలవడం. నీతి అంతా రుక్మిణిది. కానీ జనం డబ్బిచ్చి వచ్చేది సత్యభామ కోసం. ఇందులో తిరకాసేమిటో ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఆ నాటకంలో ‘మీరజాలగలడా’ అన్న పాట వుంది చూశారూ, అది స్థానం వారు తనే రాసి నాటకంలో కలుపుకున్నది. నా మాట ఆయన దాటగలడా అని సత్యభామ ధీమా. ఆ ఒక్క ముక్కనే పట్టుకుని, ఒకసారి గర్వంగా, ఒకసారి మురిపెంగా, ఒకసారి లోపల ఎక్కడో చిన్న అనుమానం తొంగిచూస్తుండగా, మార్చి మార్చి పాడేవారుట. జనం ‘వన్స్‌మోర్’ అనేవారు. మళ్ళీ పాడేవారు. మళ్ళీ వన్స్‌మోర్. తెరవెనక కృష్ణుడు కిరీటం సర్దుకుని నిలబడి వుండాల్సిందే, ఈ సత్యభామని జనం వదిలిందాకా.

ఆడవాళ్ళకి విడిగా వేసిన చాపల మీద, పెద్దమ్మ ఒళ్ళో కూర్చుని చూసింది అమ్మమ్మ. ఆ చీర కట్టు, ఆ జడ, అద్దం ముందు కూర్చుని తనని తాను చూసుకునే తీరు – అన్నీ మరునాడు తెనాలి ఇళ్ళలో కనిపించేవని చెప్పుకునేవారు. తిరుగు రైల్లో నిద్రమత్తులో వాళ్ళ నాన్నని అడిగిందట. “నాన్నా, ఆ సత్యభామ ఏ వూరావిడ?”

“ఆవిడ కాదే పిచ్చిదానా. బాపట్లాయన.”

అమ్మమ్మ నమ్మలేదు. రేపల్లె వచ్చేదాకా వాదించిందట. నమ్మాల్సి వచ్చాక ఏడ్చిందట కూడా. ఎందుకేడ్చావే అని నేను అడిగితే, చాలాసేపు ఆలోచించి, “మొగుణ్ణి అట్టా ఆజ్ఞాపించే ఆడది ఒకతి వుందనుకున్నా గదే” అంది.

ఈ మాట దగ్గర మీరొక్క నిమిషం ఆగాలి. నేను ఎన్నో ఏళ్ళు ఆగాను.

సరే, కాలం గడిచింది. సినిమాలొచ్చాయి. స్థానం వారు 1939లో ‘రాధాకృష్ణ’లో కనిపించారు. 1942లో ‘సత్యభామ’. దానికి దర్శకుడు వై.వి. రావుగారు. 1939లో వితంతు వివాహం మీద ‘మళ్ళీపెళ్ళి’ తీసి, అందులో తనే కాంచనమాల పక్కన నాయకుడుగా వేసిన ఘనుడు. అంటే సినిమా తీయడం చేతగానివాడేం కాదు. సత్యభామ పాత్రధారి ఆంధ్రదేశమంతా నెత్తిన పెట్టుకున్న స్థానం వారు. కథ పిల్లలకి కూడా కంఠతా. ఇంక లోటేమిటి?

లోటేమిటో చెప్పడానికి అమ్మమ్మకి రెండు వాక్యాలు చాలేవి. “అక్కడ ఆయన మగాయనని తెలిసిపోయిందే. స్టేజీ మీద మనకి తెలిసినా తెలిసేది కాదు.”

పత్రికల్లో సమీక్షలు రాసేవాళ్ళు పేజీలకి పేజీలు రాసినా ఇంతకంటే ఏం చెప్పగలరు? తర్వాత్తర్వాత నేను దీని గురించి ఆలోచిస్తే నాకు తోచినవి ఇవీ. నాటకంలో చూసేవాడికీ వేషానికీ మధ్య పది గజాల చీకటి వుంటుంది. ఆ చీకట్లో సగం వేషం మనమే కట్టేస్తాం. కెమెరా ఆ పది గజాలూ మింగేసి తీసుకెళ్ళి ఆయన చుబుకం దగ్గర నిలబెడుతుంది. అప్పటికి ఆయనకి నలభై ఏళ్ళు. స్టేజీ మీద నలభై ఏళ్ళ స్థానం వారు పదహారేళ్ళ సత్యభామ కాగలరు, ఎందుకంటే నడకలో వయసు కనిపించదు. తెర మీద చెంపలో కనిపిస్తుంది.

ఇక పాట. స్టేజీ మీద ఆ పాటకి కొలత లేదు. జనం ఎంత అడిగితే అంత. ఆ రోజుల్లో గ్రామఫోను ప్లేటు ఒక పక్క మూడు నిమిషాలు పాడేది. సినిమా పాట కూడా దాదాపు అంతే. మరి ఆ మూడు నిమిషాల్లో గర్వం ఎక్కడ పెడతారు, మురిపెం ఎక్కడ పెడతారు, అనుమానం ఎక్కడ దాస్తారు? పైగా తెరకి వన్స్‌మోర్ వినిపించదు. హాల్లో జనం గొంతు చించుకున్నా సత్యభామ మనకేసి చూడకుండా తర్వాతి సీనులోకి వెళ్ళిపోతుంది. ఇరవయ్యేళ్ళపాటు జనం అడగడం, ఆయన ఇవ్వడం – ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో తయారైన సత్యభామ అది. అందులోంచి జనాన్ని తీసేస్తే మిగిలింది సగమే.

ఇంకో చిక్కుంది. సినిమా తెర మీద సత్యభామని అప్పటికే ఒక ఆడది వేసేసింది. 1935లో సి. పుల్లయ్యగారు కలకత్తాలో ‘శ్రీకృష్ణ తులాభారం’ తీస్తే అందులో సత్యభామ ఋష్యేంద్రమణి. కాంచనమాలకి అదే మొదటి సినిమా. ఏడేళ్ళ తర్వాత మళ్ళీ ఒక మగవాడు సత్యభామగా రావడమంటే, కాలం ముందుకెళ్ళి వెనక్కి వచ్చినట్టు! స్టేజీ మీద కూడా సురభి వాళ్ళ కుటుంబాల్లో ఆడవాళ్ళే ఆడవేషాలు వేసేవారు, అవసరమైతే మగవేషాలు కూడా. ఆడవేషం ఆడవాళ్ళే వేయాలా, మగవాళ్ళు వేయవచ్చా అన్న వాదన నాటకరంగంలో ఒక పక్క నడుస్తూనే వుంది. వాదన మధ్యలో వచ్చిపడిన సినిమాని సినిమాగా ఎవరు చూస్తారు? ఆడవాళ్ళు తెర మీదకొచ్చాక ఇంకా ఈ వేషాలేమిటని ఒక పక్షం. ఏ ఆడదీ ఆయన కాలిగోటికి సరిపోదని రెండో పక్షం.

ఈ రెండో పక్షం మీద నాకు కొంచెం కోపం వుంది. దాచుకోవడం ఎందుకు? మా తాతయ్య ఈ పక్షం. ఆయన స్థానం వారి వీరాభిమాని. అమ్మమ్మ పెళ్ళయి బాపట్ల వచ్చాక, ఆవిడ ఎంత శ్రద్ధగా చీర కట్టుకుని గుమ్మంలోకొచ్చినా, “మగాడై వుండీ స్థానం వారు కట్టినంత అందంగా ఈ ఇంట్లో ఒక్కళ్ళూ కట్టరు గదా” అనేవారట. సరదాకే అనేవారు. ఆ సరదా యాభై ఏళ్ళు సాగింది. ఒక గొప్ప నటుణ్ణి పొగడడానికి ఇంట్లో ఆడవాళ్ళని చిన్నబుచ్చక్కర్లేదు. కానీ ఆ తరం పొగడ్త అంతా ఇట్లాగే వుండేది. ఆడవాళ్ళే అసూయపడేట్టు, ఆడవాళ్ళకే నేర్పేట్టు అని. ఆడవాళ్ళకి స్టేజీ ఎక్కే దారి లేకుండా చేసి, ఎక్కిన వాళ్ళని నానా మాటలూ అని, ఆ తర్వాత మగవాడు మీకంటే బాగా చేశాడు చూశారా అనడం ఏం న్యాయం? ఇందులో స్థానం వారి తప్పేమీ లేదు. ఆయన కళ ఆయనది.

అన్నట్టు, కృష్ణ దాటితే అవతల కూచిపూడి. అక్కడ సిద్ధేంద్రుడి భామాకలాపంలో సత్యభామని మగవాళ్ళే తరతరాలుగా ఆడుతూ వచ్చారు. వేదాంతం సత్యనారాయణశర్మగారు 2012లో కన్నుమూసే నాటికి కూడా లోకానికి ఆయన సత్యభామే. ఆయన్ని ఎవరూ ఇంకా ఎందుకీ వేషమని అడగలేదు. నాట్యంలో జడ పట్టుకుని తెర మీద వేసి నిలబడ్డం దగ్గర్నుంచీ అంతా ఒప్పందమే కనుక, వేషం కూడా ఆ ఒప్పందంలో భాగమైపోయింది. నాటకంలో ఆ ఒప్పందం సగం. సినిమాలో సున్నా. ఒకే సత్యభామ, ఒకే మగవేషం. కృష్ణకి అవతలి ఒడ్డున నిలబడగలిగింది, తెర మీద నిలబడలేకపోయింది.

ఇది మనవాళ్ళకే జరిగిందనుకోకండి. మరాఠీ వాళ్ళకి బాలగంధర్వ వున్నాడు. 1888లో పుట్టిన ఆ మహానుభావుడి చీరలూ, నగలూ చూసి అక్కడి ఆడవాళ్ళు తమ అలంకారాలు దిద్దుకున్నారంటారు. ఆయన 1935లో శాంతారాం తీసిన ‘ధర్మాత్మ’లో ఏకనాథుడి వేషం వేశాడు. మగవేషం! గడ్డాలూ మీసాలూ లేని బాలగంధర్వని చూసి మురిసిన జనానికి అది రుచించలేదు. సరేనని 1937లో ‘సాధ్వీ మీరాబాయి’లో ఆడవేషమే కట్టాడు. అదీ నిలబడలేదు. చూశారా, కొత్తది చేస్తే ఒక తప్పు, పాతదే చేస్తే ఒక తప్పు. మా వాడి గిటారు బృందానికి పడిన రెండు అక్షింతలూ ఆయనకీ పడ్డాయి, ఎనభై ఏళ్ళ ముందే.

కెమెరా నాటకాలవాళ్ళందరినీ మింగేసిందని కూడా అనడానికి లేదు. తెనాలి నాటకరంగం నుంచే వచ్చిన డాక్టరు గోవిందరాజుల సుబ్బారావుగారు 1938లో ‘మాలపిల్ల’లో వేశారు. 1947 ‘పల్నాటి యుద్ధం’లో బ్రహ్మనాయుడు. 1949 ‘గుణసుందరి కథ’లో మహారాజు. 1955 ‘కన్యాశుల్కం’లో లుబ్ధావధాన్లు. ఆ లుబ్ధావధాన్లు దగ్గుతుంటే మనకీ దగ్గొస్తుంది. స్టేజీ మీద వెనక వరస దాకా వినిపించాల్సిన గొంతుని ఆయన కెమెరా ముందు తగ్గించుకున్నారు. ముసలివేషాలకి ముడతలు మేలే చేస్తాయి. సత్యభామకి చేయవు. ఎంత గొప్ప ఆడవేషధారి అయితే అంత పెద్ద గోడ అన్నమాట, తెరకీ ఆయనకీ మధ్య.

ఇంత చెప్పినా నేను ఆ ‘సత్యభామ’ సినిమా చూడలేదు. చూడని సినిమాకి వకాల్తా పుచ్చుకోవడం ఏం బాగుంటుంది? అందుకని ఒకసారి అమ్మమ్మనే నిలదీశాను. అప్పుడు నేను గుంటూరులో డిగ్రీ చదువుతున్నాను. పరీక్షలకి చరిత్ర బట్టీపడుతూ, నాకు తెలియని ప్రశ్న లోకంలో లేదనుకునే రోజులు.

“అమ్మమ్మా, నాటకం చూసినప్పుడు నీకెన్నేళ్ళు?”

“పది.”

“సినిమా చూసినప్పుడు?”

“పద్నాలుగు. నీ తాతయ్యతో చూశా. పెళ్ళయిన యేడే.”

“మరి ఆ నాలుగేళ్ళలో మారింది స్థానం వారా, నువ్వా?”

అమ్మమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “సినిమా అయ్యాక ఎట్టా వుందని నీ తాతయ్య నన్నడగలా. ఆయనే చెప్పాడు, స్టేజీ మీదే బాగుందని. నేనూ అదే అంటూ వచ్చా” అంది.

అదీ సంగతి! అరవై ఏడేళ్ళు ఆవిడ మోసిన ఆ విమర్శ సగం తాతయ్యది. మిగతా సగం, రైల్లో ఏడ్చిన పదేళ్ళ పిల్లది. మొగుణ్ణి ఆజ్ఞాపించే ఆడది లేదని ఒకసారి తెలిసింది. పద్నాలుగేళ్ళకి, పక్కన మొగుడు కూర్చుని వుండగా, అంతెత్తు తెర మీద మళ్ళీ తెలిసింది. దానికి వై.వి. రావుగారు మాత్రం ఏం చేస్తారు, స్థానం వారు మాత్రం ఏం చేస్తారు?

ఆ తర్వాత స్థానం వారు హైదరాబాదు ఆకాశవాణిలో నాటకాలు చేయించే ఉద్యోగంలో చేరారు. రేడియోలో ఆయన గొంతు వచ్చినప్పుడు అమ్మమ్మ పొయ్యి మీద పాలు పొంగినా లేచేది కాదుట. మా అమ్మ చెప్పింది. రేడియోలో చీర కనపడదు, చెంప కనపడదు. మళ్ళీ ఆ పది గజాల చీకటి దొరికింది ఆవిడకి. సినిమా తీసుకుపోయినదాన్ని రేడియో తెచ్చి ఇచ్చింది. 1971లో ఆయన పోయారని తెలిసిన రోజున వంట చేయలేదుట. తాతయ్య కూడా అడగలేదుట.

ఈ కథలో ఇంకొక సత్యభామ వుంది. ఆవిడా మా వైపు మనిషే. తెనాలి నుంచి బెజవాడ వెళ్ళే దారిలో దుగ్గిరాల. అక్కడ పెరిగిన పిల్ల జమున, చిన్నతనంలోనే జగ్గయ్యగారి చలవతో నాటకాల్లో వేసి, సినిమాల్లోకి వెళ్ళి, 1957 ‘వినాయక చవితి’లో సత్యభామ వేసింది. 1966లో రామానాయుడుగారు ‘శ్రీకృష్ణ తులాభారం’ తీస్తే అందులోనూ సత్యభామ ఆవిడే. కృష్ణుడు ఎన్టీ రామారావుగారు, రుక్మిణి అంజలీదేవి. స్థానం వారు రాసుకున్న ఆ పాటనే సుశీలగారు పాడారు, జమున అభినయించింది. అప్పటికి స్థానం వారు బతికే వున్నారు. తన పాట ఒక ఆడపిల్ల నోట, తన వూళ్ళ పక్కన పెరిగిన పిల్ల మొహం మీద ఆయన చూసి వుంటే ఏమనుకుని వుంటారో! నేను నవలలు రాసేదాన్ని కనుక ఆ సన్నివేశం రాయాలని చేయి దురద పెడుతుంది. కానీ వ్యాసంలో అట్లా చేయకూడదు.

ఆ సినిమా చూసొచ్చిన రోజున తాతయ్య యథాప్రకారం పెదవి విరిచారుట. అమ్మమ్మ మాత్రం ఆ రాత్రి మొదటిసారి ఆయనకి ఎదురు చెప్పిందని మా అమ్మ అంటుంది. “ఎందుకు బాగాలేదూ? ఆ పిల్ల ఎంత టెక్కుగా చేసింది! దుగ్గిరాల పిల్లగదూ!” దుగ్గిరాల పిల్ల అవడానికీ టెక్కుకీ సంబంధమేమిటని అడగకండి. నాకైతే సంబంధం కనిపిస్తూనే వుంది. మొగుణ్ణి ఆజ్ఞాపించే ఆడది ఒకతి వుంది. ఏ వూరావిడ అని అడిగితే చెప్పడానికి ఒక వూరు కూడా వుంది. రైలుకి పోతే దగ్గరే.

అట్లాగని పాత మాట మానేసిందా? లేదు. మరునాటి నుంచీ మళ్ళీ “స్థానం వారిది చూడాలంటే స్టేజీ మీదే చూడాలి” అనడం మొదలు. రెండూ ఆవిడకి నిజమే. ఇప్పుడు మా అమ్మ వంతొచ్చింది. టీవీలో ఏ అమ్మాయి సత్యభామ వేసినా, రిమోటు పక్కన పెట్టి, “జమున జమునే. ఆ జడ విసరడం మళ్ళీ ఎవరికొస్తుంది?” అంటుంది. 2023 జనవరిలో జమునగారు పోయినప్పుడు అమ్మ ఆ రోజంతా ఆ పాటే పెట్టుకుని విన్నది.

మొన్న ఈ సంగతులన్నీ మా వాడికి చెప్పాను. సగం విన్నాడు, సగం ఫోను చూసుకున్నాడు. కానీ ఆ రాత్రి, అమ్మా ఇటు రా అని పిలిచి, స్థానం వారి గొంతు ఎక్కడో వెతికి పట్టుకుని వినిపించాడు. గరగరలాడే పాత రికార్డింగు. మా అమ్మ కూడా వచ్చి మంచం మీద కూర్చుంది. పాట అయిపోయింది.

“ఇంతేనా?” అన్నాడు మా వాడు.

మా అమ్మ వాడి వంక చూసి, “మళ్ళీ పెట్టరా” అంది.